వలల గంగాళంలో నల్లబీరు

నా మొదటి ఉద్యోగం నాకంటే ముందే రిటైరైపోయింది. ఉద్యోగంలోంచి మనుషులు రిటైరవడం మీరు చూసే ఉంటారు. మనిషిని నడిబజారులో నిలబెట్టి ఉద్యోగమే దండలు వేయించుకుని వెళ్లిపోవడం చూసి ఉండరు. మద్యనిషేధం ఎత్తేశారు, దాంతోపాటు నా కుర్చీ ఎత్తేశారు, నన్ను మాత్రం ఎత్తి తూకాలు కొలతల ఆఫీసులో పడేశారు. అప్పట్నుంచి ఇనపగుండ్లు నిజమైనవో కావో చూసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను. ఇనపగుండుకు రుచి లేదు. నేను చూశాను.

మొన్న ఆఫీసు పనిమీద బెంగుళూరు వెళ్తే మా సెక్షను కుర్రాళ్లు నన్నొక బారుకు లాక్కుపోయారు. నా ముందు రెండు గ్లాసులు పెట్టారు. ఒకదానిలో పసుప్పచ్చ బీరు, రెండోదానిలో చీకటిని పిండి పోసినట్టున్న నల్లబీరు. దాన్ని స్టౌట్ అంటారట.

"గురువుగారూ, ఒకప్పుడు మీరు నాలుకతోనే జీతం తీసుకున్నారట గదా! ఈ రెంటిలో ఏది గొప్పదో తేల్చండి" అన్నారు.

పచ్చది పుక్కిలించాను. నల్లది మింగాను. కాసేపు కళ్లు మూసుకుని, "నల్లదే గొప్పది. కాకపోతే తుమ్మచెక్క తగ్గింది" అన్నాను.

కుర్రాళ్లు బల్లలు విరిగేలా నవ్వారు. బేరరు కూడా నవ్వాడు, వాడికి తెలుగు రాకపోయినా. నేను హాస్యమాడలేదు నాయనలారా. ఉన్నమాటే చెప్పాను. ఆ చెక్క సంగతి మీకు తెలియాలంటే నా వెంట సూళ్లూరుపేట దాకా రావాలి.

అప్పటికి నాకు మీసం రావాలా వద్దా అని ఆలోచిస్తున్న వయసు. ఆ రోజుల్లో మా జిల్లాలో కల్లు నేరం, నీరా పుణ్యం. రెండూ ఒకే తాటిచెట్టు నుంచి ఒకే కుండలోకి పడే ఒకే చుక్క. సున్నం పూసిన కుండలో పట్టి తెల్లారేసరికి దించితే నీరా, తియ్యగా ఉంటుంది, పిల్లలు తాగొచ్చు, కాచి బెల్లం చేసుకోవచ్చు. అదే కుండ ఎండెక్కేదాకా చెట్టుమీద కునుకు తీసిందా, కల్లు! పట్టుకోవచ్చు, కేసు పెట్టవచ్చు, పారబోయవచ్చు. ఆ పుణ్యం ఏ క్షణంలో నేరంగా మారిందో కొలవడానికి పైనుంచి ఒక గాజుగొట్టం పంపారు. అది దారిలోనే పగిలింది. రెండో గొట్టం వచ్చేదాకా అని చెప్పి నన్ను పంపారు. రెండో గొట్టం ఇంకా రాలేదు.

అంటే మన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, రోజూ పొద్దున్నే తాటితోపులోకి వెళ్లడం, ప్రతి కుండలోంచీ ఒక చుక్క నాలుకమీద వేసుకోవడం, ఇసుకలో ఉమ్మడం, "కాచండి" అనో "పారబోయండి" అనో చెప్పడం. నా నాలుక గవర్నమెంటు సొత్తు. దానిమీద నెంబరు వేయడం ఒక్కటే తక్కువ.

సూళ్లూరుపేటలో రైలు దిగి, ఎద్దుబండిలో తూర్పుగా పోయి పోయి, ఇక దేశం అయిపోయిందనిపించిన చోట దిగితే అదే నా ఆఫీసు. ఒకవైపు పులికాట్ సరస్సు, ఒకవైపు ఇసుకదిబ్బలు, మధ్యలో తాటితోపు, బెల్లం కాచే కొట్టం. ఆ కొట్టానికి చివర తడికెలతో అడ్డం కట్టిన గదిలో నేను, నా నాలుకా కాపురం ఉండేవాళ్లం. మాకు కాపలాగా ఒక డఫేదారు.

నాలుకను కాపాడడమే డఫేదారు డ్యూటీ. కారం తినకూడదు. ఉల్లి, వెల్లుల్లి ముట్టకూడదు. ఆకువక్క, బీడీ, పచ్చడి, చేపల పులుసు, అన్నీ నిషేధం. అన్నిటికంటే ఘోరం, కాఫీ కూడా! మా అమ్మ ఉగ్గుగిన్నెతో పాలు పట్టిందో కాఫీ పట్టిందో నాకు సందేహమే. అలాంటివాణ్ణి పెరుగన్నం, బొరుగులు, మంచినీళ్ల మీద సంవత్సరాల తరబడి బతికాను. నెల్లూరు జిల్లాలో పుట్టి, సముద్రం పక్కన కూర్చుని, చేపల పులుసు లేకుండా! సాయంత్రమయ్యేసరికి పక్కనున్న కుప్పంలో, అంటే చేపలు పట్టేవాళ్ల పల్లెలో, ఒక్కో ఇంట్లోంచి ఒక్కో పులుసు వాసన లేచి, దిబ్బల మీదుగా దారి కనుక్కుంటూ వచ్చి, తడికె సందుల్లోంచి దూరి నన్ను చుట్టుముట్టేది. నేను చెవులు కూడా మూసుకునేవాణ్ణి.

డఫేదారు మాత్రం నా ఎదురుగానే కూర్చుని మాగాయ ముక్క చప్పరించేవాడు.

"నా ముందే తినాలా అన్నా?" అని అడిగాను ఒకసారి.

"మీకోసమే సార్. మీరు తినకూడనివి యేవేవో మీకు గుర్తుండాల గదా" అన్నాడు భక్తిగా.

తిండి సంగతి అలా ఉంచండి. తిండి లేకపోయినా మనిషి బతుకుతాడు. అసలు కష్టం వేరే. నేను దారిన వస్తుంటే అవతలివాళ్ల మాట ఆగిపోయేది. కల్లు గీసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, ఎవరైనా సరే, నాతో మాట్లాడాల్సి వస్తే మొహం పక్కకు తిప్పి, నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టి మాట్లాడేవాళ్లు. నా ఎదురుగా ఊపిరి వదలడమంటే వాళ్లకు కోర్టులో సాక్ష్యం చెప్పినట్టే. గీసేవాళ్లలో ఒక పొడుగాటి మనిషి ఉండేవాడు. చెట్టెక్కి కూర్చుని అక్కణ్ణుంచి ఊరందర్నీ వరసలు కలిపి ఆటపట్టించేవాడు. కింద ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. నేను వచ్చి చెట్టు మొదట్లో నిలబడితే చెట్టుతో సహా మూగవాడైపోయేవాడు. కుండ దించి, మొహం పక్కకు తిప్పి, "చిత్తం సార్" అనేవాడు. పారబోయమన్నా అదే, కాచమన్నా అదే.

సాయంత్రాలు ఏం తోచక ఒడ్డుకు పోయి ఎండ్రకాయలతో మాట్లాడేవాణ్ణి. అవి కూడా పక్కకే నడిచేవి.

నాకేసి తిన్నగా చూసి మాట్లాడే మనిషి కుప్పం మొత్తానికీ ఒక్కతే, వలల అవ్వ. ఆ రోజుల్లో వలలన్నీ నూలువలలు. ఉప్పునీళ్లకు ఊరికే కుళ్లిపోతాయి. అందుకని తుమ్మచెక్క, అంటే తుమ్మచెట్టు బెరడు, కొట్టి, పెద్ద రాగిగంగాళంలో ఉడకబెట్టి, ఆ నల్లటి వగరు నీళ్లలో వలలు నానేస్తారు. ఆ పని అవ్వది. గంగాళమంటే మామూలు గంగాళం కాదు, అందులో ఒక దూడ మునిగి ఈతకొట్టి మళ్లీ పైకి రావచ్చు. అవ్వ చేతులు మోచేతుల దాకా కాలిన ఇటుక రంగు. చెక్క దిగిందో లేదో ఎలా తెలుసుకునేదనుకున్నారు? నాలుకతోనే. గరిటెతో తీసి, ఊది, కొంచెం నోట్లో వేసుకుని, "ఇంకా పట్టలా" అనో "పట్టింది, దించండ్రా" అనో అనేది. తర్వాత పొయ్యి పక్కన ఉమ్మేది.

"నువ్వూ నేనూ ఒకటే నాయనా. ఇద్దరమూ నోట్లో యేసుకునేది ఉమ్మేదానికే" అంది నాతో ఓసారి. ఎవరైనా నన్ను తమతో కలిపి మాట్లాడడం, ఆ ఊరు వచ్చాక అదే మొదలు.

ఇక అసలు సంగతికి వస్తాను.

వానలు వెనకబట్టి, సరస్సులోకి రొయ్య దిగే కాలం వచ్చింది. ఏడాదంతటికీ కుప్పం తినే తిండి ఆ కొద్దివారాల్లోనే వలలో పడాలి. అందుకని అందరి వలలూ ఒకేసారి అవ్వ గంగాళంలోకి వచ్చాయి. సరిగ్గా ఆ ముందురోజే సముద్రం ఒక చెక్కపెట్టెను ఇసుకలోకి తోసింది. ఏ ఓడవాళ్లు పారేసుకున్నారో ఏమో. పెట్టెనిండా సీసాలు, సీసాలనిండా నల్లటి నీళ్లు. మీరూ నేనూ అయితే చిట్టీ చూస్తాం. అవ్వ మూతి పగలగొట్టి నాలుకమీద వేసుకుంది. నలుపు, చేదు, వెనకనే వగరు! ఇంకేం కావాలి? ఎవరో తెల్లదొరలు తమ ఓడల వలలకోసం చెక్క కాచి, చక్కగా సీసాల్లో పోసి పంపుకుంటున్నారని తీర్మానించింది. దొరల చెక్క మరీ గట్టిగా ఉంటుందని సంతోషించి, ఒకటి తర్వాత ఒకటి ఉడుకుతున్న గంగాళంలో బోర్లించింది.

గంగాళం పొంగింది. అదేదో పాలు పొంగినట్టు కాదు. గోధుమరంగు నురగ లేచి, అంచులు దాటి, పొయ్యిమీద పడి, చుయ్యిమని కుప్పమంతా వాసన కొట్టింది. ఆ వాసన గాలివాటున ప్రయాణం చేసి, సరిగ్గా అప్పుడే సైకిలుమీద రోందుకు వస్తున్న మా శాఖ ఇన్స్పెక్టరుగారి ముక్కుకు తగిలింది.

ఇన్స్పెక్టరు మంచి పట్టుదల మనిషి, పాపం. ఆయన సర్వీసంతా ముంతల్లోనే గడిచిపోయింది. ఎక్కడికి వెళ్లినా ముంతెడు కల్లు, గిద్దెడు సారాయి. అలాంటి మనిషికి ఒక్కసారిగా నురగలు కక్కుతున్న గంగాళం, చుట్టూ ఖాళీసీసాలు కనిపిస్తే ఎలా ఉంటుంది? సైకిలు స్టాండు వేయడం కూడా మరిచిపోయాడు.

"ఏందవ్వా ఇది?"

"వలలకు చెక్క సామీ."

"చెక్కకు నురగొస్తాదా?"

"సముద్రానికీ వస్తాది సామీ. పోయి పట్టుకో."

"మరి ఈ సీసాలేంది?"

"అదిచ్చిందే. దాన్నే అడుగు, యాడ తెచ్చినావని."

ఇన్స్పెక్టరు నవ్వలేదు. గంగాళానికి వలలతో సహా గోనెపట్టా కప్పి, తాళ్లు కట్టించి, లక్కసీలు వేయించాడు. ఇసుకలో దొరికిన ఒక నిండుసీసాను సాక్ష్యంగా పెట్టుకున్నాడు. అవ్వను మా బెల్లం కొట్టంలో కూర్చోబెట్టాడు. పైవాళ్లు వచ్చి చూసి, సరేనంటే అవ్వ గూడూరు జైలుకు పోతుంది. గంగాళం, వలలూ కోర్టుకు పోతాయి. మద్రాసులో పరీక్ష చేసేవాళ్ల దగ్గర్నుంచి మాట వచ్చేసరికి రొయ్యల కాలం పోయి మళ్లీ రొయ్యల కాలం వస్తుంది. వలలు ఆ లోగా ఎరువైపోతాయి.

కుప్పం మగవాళ్లు కొట్టం చుట్టూ వచ్చి నిలబడ్డారు. అవ్వ మాత్రం తడికె అవతలనుంచి నన్ను పిలిచి, "నాయనా, పట్టా కింద గాలాడకపోతే వలలు మాగిపోతాయి. పట్టా కొంచెం యెత్తమని చెప్పవా ఆయనకి" అంది. తాను జైలుకు పోతున్నానన్న ధ్యాసే లేదు.

మర్నాడు పెద్ద ఆఫీసరు వచ్చాడు. జీపు ఇసుకలో కూరుకుపోతే బూట్లు చేతబట్టుకుని నడిచి వచ్చాడు. కాళ్లు కాలి, మొహం ఎర్రబడి, సాయంత్రం మద్రాసు రైలు అందుకోవాలని గడియారం చూసుకుంటూ ఉన్నాడు. ఇన్స్పెక్టరు చెప్పిందంతా విని, అవ్వ చెప్పింది విని, నావైపు తిరిగాడు.

"నువ్వే గదయ్యా నాలుకవి? రుచి చూడు. గంగాళంలో ఉండేది మందే అయితే ముసల్దాన్ని, వలల్ని గూడూరు పంపిస్తాం. కాకపోతే ఇప్పుడే వదిలేస్తాం. ముందు అసలు బీరంటే ఏందో తెలుసుకోని, అప్పుడు చెప్పు."

తాటాకు పందిరి కింద బల్ల వేశారు. బల్లమీద మూడు దొన్నెలు. మొదటిదానిలో పసుప్పచ్చ బీరు. ఇన్స్పెక్టరు ఇంకేదో కేసులో పట్టుకున్న సీసా. రెండోదానిలో ఇసుకలో దొరికిన నల్లది. మూడోది ఖాళీ, గంగాళం కోసం. పక్కన నోరు కడుక్కునే నీళ్లు, బొరుగులు, ఉమ్మడానికి గుంట. కుప్పం కుప్పమంతా పందిరి చుట్టూ చేరింది. అంతమంది నామొహంలోకి తిన్నగా చూడడం అదే మొదటిసారి.

పచ్చది తీసుకున్నాను. వానకు తడిసి మర్నాడు ఎండిన వరిగడ్డి వాసన. నోట్లో పోస్తే సూదులు గుచ్చినట్టు చిన్న చిన్న బుడగలు, పలచటి పులుపు, చివర్న నిమ్మతొక్క కొరికినంత చేదు. బార్లీగింజ నీళ్లలో పడి, "అయ్యో తడిసిపోయానే" అని ఏడిస్తే వచ్చిన కన్నీళ్లలాగుంది. గుంటలో ఉమ్మేశాను. నోరు కడుక్కుని బొరుగులు నమిలాను.

నల్లదాన్ని దగ్గరకు తెచ్చుకున్నాను. ముక్కు దగ్గరే ఆగిపోయాను. బెల్లం పెనం అడుగున మాడి అంటుకునే చెక్కు లేదూ, దాని వాసన. ఇంట్లో అన్నం అడుగంటితే ఆ మాడు కోసం మేం అన్నదమ్ములం కొట్టుకునేవాళ్లం, ఆ వాసన. వాటి వెనకాల దూరంగా, ఎవరో పిలుస్తున్నట్టు, కాఫీ! పాలు పోయని, పంచదార వేయని, అప్పుడే దించిన డికాక్షను! దొన్నె ఎత్తాను. పచ్చది నాలుకమీద పరుగెత్తింది. ఇది నింపాదిగా నడిచి వచ్చి కూర్చుంది. చిక్కగా, మెత్తగా, చేదుగా ఉంది. ఆ చేదులో నన్ను ఎవరూ పలకరించని ఆ సంవత్సరాలన్నీ ఒక్కసారి కరిగాయి. మా ఇంటి వంటగది, స్టేషను కాఫీహోటలు, బల్లకు అటువైపు కూర్చుని నాకేసి తిన్నగా చూసే మనుషులు, అందరూ కనిపించారు. కళ్లు తెరిచేసరికి దొన్నె ఖాళీ.

గుంట పొడిగా ఉంది.

"మింగినాడు సార్!" అని అరిచాడు ఇన్స్పెక్టరు. "అందరూ చూసినారు, మింగేసినాడు!"

ఆఫీసరు ముందుకు వంగాడు. "మింగినావా?"

"చిత్తం. మింగాను సార్."

"ఎందుకయ్యా?"

"కాఫీలాగుంది సార్."

ఆఫీసరు నల్లసీసాకేసి ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఇన్స్పెక్టరు ఊరుకోలేదు. "తాగిన మనిషి మాట చెల్లదు సార్. ఇప్పుడు ఈయన చెప్పినా చెప్పకపోయినా ఒకటే. గంగాళాన్ని గూడూరుకు పంపించేస్తాను."

అదీ సంగతి. కాఫీమీద ఆశకొద్దీ నేను మింగిన దొన్నెడు నల్లబీరు, కుప్పం తిండిని మింగేసేలా ఉంది. అవ్వకేసి చూడలేకపోయాను.

"గంగాళం కూడా రుచి చూడనివ్వండి సార్" అన్నాను.

లక్కసీలు విప్పారు. మూడో దొన్నె ముంచి తెచ్చారు. నాలుక కొసతో ముట్టుకున్నాను. ముందు తుమ్మచెక్క, వెనక తుమ్మచెక్క, కిందా పైనా తుమ్మచెక్క. అడుగున ఎక్కడో, బావిలో పడ్డ చెంబులా, ఆ మాడువాసన. కాని మత్తు లేదు. దాన్ని ఉడుకు ఎప్పుడో ఎగరగొట్టేసింది. పులిసిన నీరాను పెనంమీద పెడితే ఏమవుతుందో రోజూ చూసేవాణ్ణే గదా.

"ఇందులో ఆ నల్లబీరు ఉంది సార్. కాని ఇది మందు కాదు. మత్తంతా ఆవిరైపోయింది."

"ఉందని ఒప్పుకున్నాడు సార్!"

"మత్తు లేదంటున్నాడు గదయ్యా."

"ఆ మాటే చెల్లదంటున్నాను సార్!"

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. ఎటూ తేలక నావైపు చూశాడు. అప్పుడు నాకెక్కణ్ణుంచి వచ్చిందో ధైర్యం, బహుశా ఆ దొన్నెలోంచే వచ్చి ఉంటుంది, లేచి నిలబడ్డాను.

"నా మాట చెల్లకపోతే నా ఒళ్లు చెల్లుతుందేమో చూడండి సార్. ఒక చెంబు నిండా తాగుతాను. తూలితే ఆమెతోపాటు నన్నూ గూడూరు పంపించండి."

జవాబు కోసం ఆగలేదు. చెంబు ముంచి ఎత్తాను.

తుమ్మచెక్క కషాయం మీరెవరూ తాగి ఉండరు. తాగకండి. మొదటి గుక్కకు చిగుళ్లు పళ్లను వదిలి వెనక్కి జరిగాయి. రెండో గుక్కకు బుగ్గలు లోపల ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. మూడో గుక్కకు నాలుక తోలుచెప్పైంది. ఆ తర్వాత గొంతు కూడా ముడుచుకుని, ఒక్కో గుక్కా లోపలికి పోవడానికి నాతో బేరమాడింది.

"చాలు నాయనా, చాలు! పేగులు వలైపోతాయి!" అని అవ్వ కేకలు పెడుతోంది. ఆపలేదు. ఖాళీ చెంబును బల్లమీద బోర్లించాను.

"ఎట్లుంది?" అన్నాడు ఆఫీసరు.

నోరు తెరిచాను. మాట రాలేదు. నాలుక అంగిటికి అంటుకుపోయింది. వేలు పెట్టి ఊడదీసుకుని బయటికి చాపాను. అవ్వ చేతుల రంగులో ఉంది. ముందు ఒక పిల్ల నవ్వింది. తర్వాత దాని తల్లి. తర్వాత కుప్పమంతా విరగబడి నవ్వింది. పొడుగాటి గీత మనిషి తుండుగుడ్డ కింద పారేసి మరీ నవ్వాడు.

ఆఫీసరు కర్రతో ఇసుకలో గీత గీశాడు. దాని మీద పోయి వచ్చాను. అవ్వ దగ్గర సూది తెప్పించి దారం ఎక్కించమన్నాడు. ఎక్కించాను. కొంచెంసేపు కూర్చోబెట్టి, లేవమన్నాడు. లేచాను. ఇన్స్పెక్టరు నా చుట్టూ మూడు వైపులనుంచీ తిరిగి చూశాడు, ఏదో ఒకవైపైనా తూలకపోతానా అని.

ఆఫీసరు చివరికి నిట్టూర్చాడు. "ఇదే గనక సారాయైతే మన దేశంలో నిషేధం చట్టమే అక్కర్లేకుండా పోయేది. ఒక్కసారి తాగినవాడు రెండోసారి తాగడు. వలలు ఇచ్చేయండయ్యా."

ఇన్స్పెక్టరు లక్కముక్కలు ఏరుకుని జేబులో వేసుకున్నాడు. ఆయన్ను చూస్తే నాకే జాలేసింది. సీసాలో మిగిలిన నల్లబీరును ఆఫీసరుగారు సాక్ష్యంగా తమ జీపులోనే పెట్టించుకున్నారు. అది ఏ కోర్టుకు చేరిందో నాకు తెలియదు.

ఆ సాయంత్రమే వలలు నీళ్లలోకి దిగాయి.

నా నాలుక మాత్రం చచ్చిపోయింది. ఉప్పు లేదు, పులుపు లేదు, తీపి లేదు. ఏది పెట్టినా అట్టముక్క నమిలినట్టే. ఆ సంగతి పైకి తెలియజేస్తే, నాలుక నయమయ్యేదాకా సెలవు అన్నారు. నాకు కాదు, నాలుకకు! తోపులో తాత్కాలికంగా అన్ని కుండలూ కాచే ఏర్పాటు చేశారు. డఫేదారు మాగాయ జాడీ తెచ్చి నా ముందు పెట్టి, "తినండి సార్. ఇంక మీకు గుర్తుచేసే పని లేదు నాకు" అన్నాడు దిగులుగా.

అవ్వ వచ్చి గుమ్మంలో నిలబడింది. "నా చెక్కతోనే గదా నీ నాలిక చచ్చింది. అది బతికిందాకా నీ కూడు నాది. రా నాయనా."

అలా మొదలైంది. రోజూ చీకటి పడకముందే అవ్వ ఇంటి ముందు ఇసుకలో కూర్చునేవాణ్ణి. కారం, ఉల్లి, వెల్లుల్లి, ఎండ్రకాయ పులుసు, రొయ్య వేపుడు, సంవత్సరాల బాకీ! రుచి తెలియదు; కాని కారానికి కళ్లనీళ్లు వచ్చేవి, చెవులు వెచ్చబడేవి, అదే నాకు అమృతం. మొదటిరోజు ఇద్దరు వచ్చి కొంచెం దూరంలో కూర్చున్నారు. మర్నాడు దగ్గరికి జరిగారు. ఆ మర్నాడు పొడుగాటి మనిషి వచ్చి నా పక్కనే చతికిలబడి, భుజంమీద చెయ్యి వేశాడు.

"ఏం అబ్బయా, ఇదేందో చెప్పు చూద్దాం" అని ముంత నా నోటికి అందించాడు.

చప్పరించాను. "మంచినీళ్లు."

"మంచినీళ్లంట్రోయ్!" అని అందరూ ఇసుకలో దొర్లారు. రెండోది అందించారు. "మజ్జిగ" అన్నాను. మళ్లీ దొర్లారు. ఇక ఆ తర్వాత ఎవరూ దాచుకోలేదు. నామొహంలో మొహం పెట్టి మాట్లాడారు, నవ్వారు, పాడారు. నన్ను అబ్బయా అన్నారు, ఒరే అన్నారు, చెల్లెల్ని చేసుకోమన్నారు, వద్దులే నాలిక లేనోడికి పిల్లనెట్టిచ్చేదన్నారు. ముంతలో ఉన్నదేమిటో నాకు తెలియదనుకున్నారు. చచ్చింది నాలుకే గాని ముక్కు నిక్షేపంగా ఉంది. ముక్కు సంగతి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

సెలవుల్లో నాకు తెలిసిందేమిటంటే, మనుషులు మాట్లాడేటప్పుడు పళ్లు కనిపిస్తాయి. అంతకుముందు ఆ ఊళ్లో ఎవరి పళ్లూ నేను చూడలేదు.

ఒక సాయంత్రం రొయ్యల పులుసు. అవ్వ గంగాళంలో మునిగి తేలిన వలల్లోనే పడ్డ రొయ్యలు. అందరూ వరసగా కూర్చున్నాం. పొడుగాటి మనిషి ఏదో పెళ్లి కథ చెబుతున్నాడు, మధ్యమధ్యలో నా తొడమీద చరుస్తున్నాడు. నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు ఎక్కడో దూరంనుంచి, తెప్పమీద వస్తున్నట్టు, రుచి వచ్చింది. ముందు పులుపు. తర్వాత రొయ్య తీపి. ఎంత సంతోషమేసిందంటే, ఏమీ ఆలోచించకుండా అనేశాను.

"అవ్వా, ఉప్పు చాల్లేదు!"

కథ ఆగిపోయింది. తొడమీది చెయ్యి తొడమీదే ఉండిపోయి, మెల్లగా వెనక్కి పోయింది. ముంతలు ఒక్కొక్కటే వెనకాలకు జరిగాయి. ఎవరో దగ్గారు. ఎవరో "పొద్దుపోయింది, వల యెండేసుకోవాల" అన్నారు. పొద్దు ఇంకా పోలేదు. ఒక్కొక్కళ్లే లేచి, దులుపుకుని, నాకేసి చూడకుండా వెళ్లిపోయారు. ఇసుకలో వాళ్లు కూర్చున్న గుంటలు మాత్రం మిగిలాయి.

అవ్వ లేవలేదు. ఉప్పుపిడత తెచ్చి నా ఆకు పక్కన పెట్టింది.

"చెప్పకపోతే ఏం నాయనా?"

"నిజంగానే చాల్లేదవ్వా."

"తెలుసు. నేనే తక్కువేసినాను. మొదట్నుంచీ తక్కువే యేస్తా ఉండాను." కాసేపు ఇసుక కెలికింది. "వాళ్లే యేయమన్నారు. నీ నాలిక యెప్పుడొస్తాదో వాళ్లకు తెలియాల గదా. నువ్వు గమ్మునుంటావేమోననుకున్నా."

నేను ఉప్పు వేసుకుని తిన్నాను. పులుసు చాలా బాగుంది. అంత బాగున్న పులుసు ఆ తర్వాత ఎక్కడా తినలేదు. ఆకు ఎత్తేదాకా అవ్వ నా ఎదురుగానే కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే తోపుకు వెళ్లాను. పొడుగాటి మనిషి చెట్టుమీద కూర్చుని కింద ఎవరితోనో వేళాకోళమాడుతున్నాడు. నన్ను చూసి ఆపేశాడు. కుండ దించుకుని వచ్చి నా ముందు పెట్టాడు. ఒక చుక్క నాలుకమీద వేసుకున్నాను. అంచుల దగ్గర సన్నగా చురుక్కుమంది. ఉమ్మేశాను.

"పులిసింది. పారబొయ్యి" అన్నాను.

అతను తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, మొహం పక్కకు తిప్పాడు.

"చిత్తం సార్."